ఎవరి నవ్వు? ఎవరి ప్రళయం?

'నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదు' అని మనకో సామెత ఉంది. స్త్రీల రచనల్లో హాస్యం మీద పరిశోధన చేస్తున్నంత కాలం ఆ సామెత నన్ను వెంటాడుతూనే ఉంది. ఆడదాని నవ్వంటే ఎందుకంత అనుమానం? నవ్వడమంటే ఎదుటివాళ్లని అంచనా కట్టడం, వాళ్ల మీద తీర్పు చెప్పడం. ఆ హక్కు ఎవరికుందన్నది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నే.

డాక్టరేట్ అయ్యాక ఆ ప్రశ్న నన్ను మన సాహిత్య విభాగాలు పెద్దగా తొంగిచూడని చోటికి తీసుకెళ్లింది. అణుయుద్ధంలోనో మహమ్మారిలోనో ప్రపంచం కూలిపోయాక మిగిలినవాళ్ల కథ చెప్పే వీడియో గేమ్‌లు అవి. "మగపిల్లల కాలక్షేపం కదమ్మా, ఇందులో సాహిత్యం ఏముంది?" అని ఒక సదస్సులో ఓ పెద్దాయన అడిగారు. మానవజాతిలో మిగిలిన చివరి మనిషి కథని మేరీ షెల్లీ 1826లోనే 'ది లాస్ట్ మాన్' అనే నవలగా రాసింది. ప్రళయం తర్వాతి లోకాన్ని ఊహించే పని ఆడవాళ్లు ఏనాడో మొదలుపెట్టారు. అందుకే ఈ గేమ్‌లని చదివే హక్కు మనకుందనుకుంటాను.

ఈ కథల గురించి మాట్లాడేటప్పుడు అందరూ వేసే ప్రశ్న ఒకటుంది. ఇంత చీకట్లో హాస్యం ఎంత పాలు ఉండాలి? కూరలో ఉప్పు గురించి అడిగినట్టు అడుగుతారు. నాకు మాత్రం కొలత కన్నా చోటు ముఖ్యమనిపిస్తుంది. నవ్వేవాళ్లు ఎక్కడ నిలబడి నవ్వుతున్నారు? శవం పక్కనా, శవం మీదా?

ఈ చరిత్ర కంప్యూటర్లతో కాదు, ఇల్లాలి చీపురుతో మొదలవుతుంది. 1950లలో అమెరికా ప్రభుత్వం అణుబాంబు భయాన్ని ఇంటిపనిగా మార్చింది. వారం రోజులకు సరిపడా తిండి సర్ది ఉంచుకొమ్మని గృహిణులకి చెప్పడానికి 'గ్రాండ్‌మాస్ పాంట్రీ' అనే ప్రచారం నడిపింది. బాంబు పడితే బల్లకింద దాక్కొమ్మని బడిపిల్లలకి బెర్ట్ అనే బొమ్మ తాబేలు చేత చెప్పించింది. నెవాడా ఎడారిలో ఇళ్లు కట్టి, వాటిలో బట్టలు తొడిగిన బొమ్మ కుటుంబాలని కూర్చోబెట్టి బాంబులు పేల్చి చూసింది. 1954లో వచ్చిన 'ది హౌస్ ఇన్ ది మిడిల్' అనే ప్రచార చిత్రంలో మూడు చిన్న ఇళ్లుంటాయి. చెత్త పేరుకున్న ఇల్లూ, రంగు వెలిసిన ఇల్లూ బాంబు వేడికి తగలబడిపోతాయి. మధ్యలో శుభ్రంగా తెల్లరంగు వేసిన ఇల్లు నిలబడుతుంది. ఇంటి లోపల కాగితాలు చిందరవందరగా ఉంటే ఏమవుతుందో కూడా చూపిస్తారు. అణుబాంబుకి విరుగుడు ఇల్లు ఊడ్చుకోవడమట! ఇల్లు తగలబడితే తప్పు బాంబు వేసినవాడిది కాదు, సరిగ్గా సర్దుకోని ఇల్లాలిది. ఆ చిత్రం వెనకున్నది ఇళ్లకి రంగులు వేయించుకొమ్మని ప్రచారం చేసే సంస్థ. ఇంతకన్నా చీకటి హాస్యం ఏ రచయిత రాయగలడు? తీసినవాళ్లు మాత్రం దాన్ని హాస్యం అనుకోలేదు.

సరిగ్గా ఆ చిరునవ్వునే నలభై ఏళ్ల తర్వాత ఒక గేమ్ పట్టుకుంది. ఇంటర్‌ప్లే సంస్థ 1997లో విడుదల చేసిన 'ఫాలౌట్' అది. టిమ్ కెయిన్, లియొనార్డ్ బొయార్స్కీ, జేసన్ ఆండర్సన్ వంటివాళ్లు దాన్ని తయారుచేశారు. 1950ల అమెరికా కలగన్న భవిష్యత్తు అలాగే నిజమై, 2077లో రెండు గంటల అణుయుద్ధంలో బూడిదైపోవడం ఆ కథకి ఆధారం. మొదట్లో ఇంక్ స్పాట్స్ బృందం పాడిన పాత ప్రేమపాట మెత్తగా వినిపిస్తుంటుంది. ఒక టీవీలో ప్రకటనలు వస్తుంటాయి. వాటి మధ్య, ఆక్రమించుకున్న కెనడాలో ఇద్దరు సైనికులు చేతులు కట్టేసిన మనిషిని కాల్చేసి, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపుతారు. తర్వాత దృశ్యం వెనక్కి జరుగుతుంది. టీవీ చుట్టూ ఉన్నదంతా శిథిలనగరమే. నవ్విన సైనికులు లేరు, ప్రకటనలు చూసేవాళ్లూ లేరు.

ఆ గేమ్ అంతటా వాల్ట్ బాయ్ అనే బొమ్మ కుర్రాడు కన్నుకొడుతూ, బొటనవేలు పైకెత్తి కనిపిస్తాడు. భూగర్భ ఆశ్రయాలు కట్టి అమ్మిన వాల్ట్‌టెక్ అనే కంపెనీ గుర్తు వాడు. నీ నైపుణ్యాల పక్కన వాడే, నీ గాయాల పక్కనా వాడే. 1998లో వచ్చిన రెండో భాగంలో అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఆశ్రయాల్లో చాలావాటిని మనుషుల్ని కాపాడటానికి కాదు, వాళ్ల మీద ప్రయోగాలు చేయడానికి కట్టారు. అప్పటినుంచీ వాడి నవ్వు చూస్తే మనకి ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ హాస్యం చీకటిని తేలిక చెయ్యడంలేదు. చీకటికి తొడిగిన ముఖం ఎలా ఉంటుందో చూపిస్తోంది.

ఎక్కడ నవ్వకూడదో కూడా మొదటి ఫాలౌట్‌కి తెలుసు. అందులో ప్రతినాయకుడి పేరు మాస్టర్. మనుషులందర్నీ ఒకే బలమైన జాతిగా మార్చేస్తే యుద్ధాలే ఉండవని అతని సిద్ధాంతం. ఆటగాళ్లు అతన్ని తుపాకీతో ఓడించవచ్చు, మాటతోనూ ఓడించవచ్చు. మాటకి కావలసిన సాక్ష్యం వ్రీ అనే స్త్రీ శాస్త్రవేత్త దగ్గరుంది. శవపరీక్షలు చేసి ఆమె రాసిపెట్టిన నివేదిక ప్రకారం ఆ కొత్త జాతికి పిల్లలు పుట్టరు. జాతుల గురించి ఇంత మహాప్రణాళిక వేసినవాడు పిల్లలెలా పుడతారన్నది చూసుకోలేదు! ఆ కాగితం ముందు పెట్టినప్పుడు మాస్టర్ కూలిపోయి తనని తనే అంతం చేసుకుంటాడు. అక్కడ ఒక్క జోక్ కూడా ఉండదు. గుర్తుంచుకోదగిన సంయమనం అది.

ఈ సంయమనం అన్నిచోట్లా లేదు. 2002లో రచయితల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ ఫాలౌట్ లోకం వివరాలని 'ఫాలౌట్ బైబిల్' పేరుతో విడుదల చేశాడు. ఆశ్రయాల జాబితాలో పక్కపక్కనే రెండుంటాయి. 68వ దాంట్లోకి వెళ్లిన వెయ్యిమందిలో ఒక్కతే స్త్రీ. 69వ దాంట్లోకి వెళ్లిన వెయ్యిమందిలో ఒక్కడే పురుషుడు. రెండిటినీ ఒకే జోక్‌కి రెండు వైపుల్లా రాశారు. ఈ పత్రిక పాఠకురాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండోది కొందరికి కొంటె ఊహ. మొదటిది ఏ ఆడదానికైనా పీడకల. సమతూకం తప్పడమంటే నా దృష్టిలో ఇదే. నవ్వు ఎక్కువవడం కాదు, ఆ ఒక్క స్త్రీ స్థానంలో ఒక్క క్షణమైనా నిలబడకుండా నవ్వడం.

నిలబడే చోటు మారితే జోక్ ఏమవుతుందో 2008లో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏడాది బెథెస్డా సంస్థ 'ఫాలౌట్ 3' తెచ్చింది. అందులో పేలని అణుబాంబు చుట్టూ కట్టుకున్న మెగాటన్ అనే ఊరుంటుంది. మనం ఆ బాంబుని నిర్వీర్యం చేయవచ్చు, డబ్బుకి ఆశపడి ఊరినే పేల్చేయవచ్చు. చిన్న అణుబాంబులు విసిరే ఆయుధం పేరు 'ఫ్యాట్ మాన్'. నాగసాకి మీద వేసిన బాంబు పేరది. జపాన్‌లో విడుదల చేసినప్పుడు ఊరిని పేల్చే అవకాశాన్ని తీసేశారు, ఆయుధం పేరు మార్చారు. మన దేశంలోనైతే సాంస్కృతిక సున్నితత్వాల పేరు చెప్పి ఆ గేమ్‌ని విడుదల చేయడంలేదని మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరులో ప్రకటించింది. ఏ అంశమో వివరించలేదు. ఆ గేమ్‌లో రేడియేషన్‌కి రెండు తలలు మొలిచిన ఆవులకి 'బ్రాహ్మిన్' అని పేరుండటమే కారణమని చాలామంది ఊహించారు. బ్రాహ్మన్ అన్నది అమెరికాలో నిజంగా ఉన్న పశుజాతి. భారతదేశపు పశువుల నుంచి దాన్ని వృద్ధిచేశారు. నెల్లూరు పేరుతో సముద్రాలు దాటిన మన ఒంగోలు జాతి రక్తం కూడా అందులో ఉంది. అంటే అక్కడి బూడిదలో మేస్తున్న రెండుతలల ఆవు మనకి దూరపు చుట్టమే! ఈ సంగతి తెలిశాక నాకు నవ్వాగలేదు. నాగసాకి విషయంలో ఆ నవ్వు రాలేదు. ఆవు పేరు ఒకరి మనోభావం. బాంబు పేరు మరొకరి శవం. రెండిటినీ 'సున్నితత్వం' అనే ఒకే మాట కిందికి తేవడం నాకు సమ్మతం కాదు.

మెగాటన్‌లోనే మోయిరా బ్రౌన్ అని ఒకామె దుకాణం నడుపుతుంటుంది. శిథిలాల్లో ఎలా బతకాలో చెప్పే పుస్తకం రాయాలని ఆమె తపన. అందుకోసం మనల్ని మందుపాతరలున్న చోటికి పంపుతుంది, కావాలని రేడియేషన్ ఎక్కించుకు రమ్మంటుంది. అంత ఉత్సాహం చూస్తే నవ్వొస్తుంది. మనం ఊరిని పేల్చేసినా ఆమె బతికే ఉంటుంది. ఒళ్లంతా కాలిపోయి, రూపం మారిపోయి కూడా పుస్తకం సంగతే మాట్లాడుతుంది. అది పిచ్చి కాదని నేననుకుంటాను. రాసుకునేవాళ్లకి ఆ మొండితనం తెలుసు. గేమ్ మనకి ఇంకో దారి కూడా ఇచ్చింది. పుస్తకం దండగని ఆమెని ఒప్పించి మాన్పించవచ్చు. అలా చేస్తే మనకో శక్తి బహుమతిగా దొరుకుతుంది. దాని పేరు 'డ్రీమ్ క్రషర్', అంటే కలని నలిపేసే వ్యక్తి. ఒక స్త్రీ చేత రాత మాన్పించినందుకు బహుమతి! చదివి నవ్వాను, ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. ఆ బహుమతి ఇళ్లలోనూ విశ్వవిద్యాలయాల్లోనూ ఎంతమంది అందుకోలేదు?

2013లో నాటీ డాగ్ సంస్థ విడుదల చేసిన 'ది లాస్ట్ ఆఫ్ అస్'లో నవ్వు ఒక పిల్ల చేతికి వచ్చింది. ఎల్లీకి పద్నాలుగేళ్లు. ప్రపంచం కూలాకే పుట్టింది. ఆమె సంచిలో శ్లేషలతో నిండిన జోకుల పుస్తకం ఉంటుంది. తోడుగా నడిచే జోయెల్ విసుక్కుంటున్నా చదివి వినిపిస్తుంది. ఆ జోకులు పేలవమైనవే. అయినా అవి ఎవరి మీదా వేసినవి కావు, పక్కవాడితో పంచుకోవడానికి చదివినవి. చలికాలంలో డేవిడ్ అనేవాడి చేతిలో ఆమె నరకం చూస్తుంది, తనని తనే కాపాడుకుంటుంది. ఆ తర్వాతి వసంతంలో ఎల్లీ ముభావంగా ఉంటుంది. జోయెల్ పలకరిస్తున్నా పరధ్యానంగా నడుస్తుంది. ఏం జరిగిందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. అప్పటిదాకా వినిపించిన నవ్వు లేకపోవడమే మనకి అంతా చెబుతుంది. 2014లో వచ్చిన 'లెఫ్ట్ బిహైండ్'లో అంతకుముందు కథ ఉంది. పాడుబడిన షాపింగ్ మాల్‌లో ఎల్లీకి ఆ జోకుల పుస్తకం రెండో భాగాన్ని రైలీ కానుకగా ఇస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు దాన్ని చదువుకుంటూ పడీపడీ నవ్వుతారు, ఒకరినొకరు ప్రేమించుకుంటారు. ఆ కాసేపు ఆ నవ్వుకి మగవాడి అనుమతీ లేదు, కంపెనీ గుర్తూ లేదు.

బాంబుకి ముందు నవ్వమని ఇల్లాలికి నేర్పిన ప్రచార చిత్రం నుంచి ఇక్కడికి అరవై ఏళ్లు పట్టింది. హాస్యం ఎంత పాలుండాలో నేను చెప్పలేను. ఒక కథలో ఎవరి నవ్వు ఆగిపోతే మనకి గుండె కలుక్కుమంటుందో, ఆ కథ ఎవరి పక్షాన నిలబడి ఉందో మాత్రం చెప్పగలను. వాల్ట్ బాయ్ నవ్వు ఎప్పటికీ ఆగదు. ఎల్లీ నవ్వు ఆగింది.