మామయ్యగారి కుడి చెవి

పోయినేడాది హాలుకి ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నప్పుడు, పైన రెండు స్పీకర్లు పెట్టిద్దామన్నారు మావారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మామయ్యగారు మాత్రం, "అమ్మాయ్, ఒక్కటి చాలదా? నాకున్నది ఒక్క చెవేగా" అన్నారు నవ్వుతూ. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఆయన ఎడమ చెవి పోయింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అసలు రెండు స్పీకర్లు ఎందుకొచ్చాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న స్పీకర్లలో ఎక్కువ భాగం, అయస్కాంతం మధ్య తీగచుట్ట కదిలి కాగితపు శంకువును ఆడించే రకం. దాన్ని 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ తీర్చిదిద్దారు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు మామయ్యగారింట్లోకి వచ్చిన రేడియోలోనూ అలాంటిదే, ఒక్కటే స్పీకరు. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారట. పాటంతా ఒక్కచోటు నుంచే వచ్చేది కాబట్టి, కుడి చెవి అటు తిప్పుకుని కూర్చుంటే ఆయనకు ఏ లోటూ ఉండేది కాదు.

రెండో స్పీకరు ఆలోచన అంతకు ముందే పుట్టింది. లండన్‌లో అలాన్ బ్లూమ్‌లీన్ అనే ఇంజనీరు భార్యతో సినిమాకి వెళ్ళినప్పుడు, నటుడు తెర మీద ఒక పక్కనుంటే గొంతు ఇంకో చోటు నుంచి రావడం చూసి, దీన్ని సరిచేసే దారి తనకు తెలుసని ఆవిడతో అన్నాడని చెబుతారు. 1931 డిసెంబరులో స్టీరియోకి పేటెంటు అడిగాడు. 1942లో యుద్ధకాలపు రాడార్ పరీక్షలో విమానం కూలి చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. స్టీరియో రికార్డులు దుకాణాల్లోకి వచ్చింది 1958 ప్రాంతంలో. ఆయన చూడనేలేదు.

స్టీరియో కిటుకంతా మన రెండు చెవుల మధ్య తేడాలోనే ఉంది. ఒక చెవికి కాస్త ముందు, కాస్త గట్టిగా వినిపిస్తే శబ్దం అటువైపు ఉందనుకుంటాం. తొలినాళ్ళ స్టీరియో రికార్డులు కొన్నింటిలో గొంతు ఒక పక్క, వాయిద్యాలు ఇంకో పక్క ఉండేవి. మా హాలు పొడవు. కుడి స్పీకరు కింద మామయ్యగారి కుర్చీ వేస్తే, ఎడమ వైపు పాట ఆయనకు సగం అందదు.

ఇది చెప్తే ఎలక్ట్రీషియన్ కుర్రాడు, "అక్కా, రెండు వైర్లూ కలిపేద్దాం" అన్నాడు. అది మాత్రం చేయకూడదు. యాంప్లిఫయర్ ఎడమ, కుడి అవుట్‌పుట్లు కలిపితే అది కాలిపోవచ్చు. రెండు స్పీకర్లకూ ఒకే పాట పంపే 'మోనో' బటన్ ఉన్న యాంప్లిఫయర్ తెచ్చుకున్నాం. పదహారు గేజి రాగి తీగ, ఒక్కో స్పీకరుకి విడిగా, జిప్సమ్ షీట్లు బిగించకముందే లాగించాం. కరెంటు వైర్లున్న పైపులో కాకుండా వేరే పైపులో. రెండూ ఎదురుపడ్డ చోట అడ్డంగా దాటించాం, పక్కపక్కన నడిస్తే గుయ్యిమనే శబ్దం చేరుతుంది.

అన్నీ అయ్యాక పాట పెడితే పీలగా వచ్చింది. ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. రెండింటికీ ఒకే పాట వెళ్తున్నప్పుడు ఒకటి ముందుకు తోస్తే, ఇంకొకటి వెనక్కి లాగి మృదంగాన్ని మింగేస్తుంది. తీగలు మార్చాక సర్దుకుంది.

మా అబ్బాయికి స్టీరియోనే ఇష్టం. మొదట్లో సణిగాడు. ఇప్పుడు తాతయ్య కుర్చీలో కూర్చోగానే వాడే వెళ్ళి బటన్ నొక్కుతాడు, ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరూ పైకప్పు మూయించే ముందు, కింద ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరికి ఎలా వినిపిస్తుందో ఒక్కసారి అడగండి. మూశాక అడిగితే మళ్ళీ కోయాల్సిందే.