శస్త్రచికిత్స అనంతర ముఖ పక్షవాతం

శస్త్రచికిత్స అనంతర ముఖ పక్షవాతం అనగా చెవి, మెదడు అడుగుభాగం లేదా చెంప వద్ద జరిగిన శస్త్రచికిత్సలో ముఖ నాడి దెబ్బతినడం వలన ముఖంలో ఒకవైపు కండరాలు చచ్చుబడడం. వాడుకలో దీనిని మూతి వంకరపోవడం అంటారు. హఠాత్తుగా వచ్చే బెల్స్ పాల్సీకి, మెదడుకు రక్తప్రసరణ ఆగినందువలన కలిగే పక్షవాతానికి ఇది భిన్నమైనది. నుదుటి కండరాలకు మెదడు రెండు భాగాల నుండీ ఆదేశాలు అందుతాయి. కనుక మెదడు పక్షవాతంలో సాధారణంగా నుదురు ముడతపడుతుంది. ముఖ నాడియే దెబ్బతిన్నప్పుడు నుదురు కూడా ఆ వైపున నున్నగా మిగిలిపోతుంది.

ముఖ నాడి

12 జతల కపాల నాడులలో ఇది ఏడవది. మెదడు కాండం నుండి బయలుదేరి, శ్రవణ నాడి పక్కనే సాగి, కణత ఎముకలోని సన్నని వంకర నాళం గుండా ప్రయాణిస్తుంది. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు గాబ్రియేలే ఫలోపియో పేరు మీదుగా ఆ మార్గాన్ని ఫలోపియన్ నాళం అంటారు (స్త్రీల అండవాహికలకు గల పేరు కూడా ఈయనదే). తరువాత చెవి దిగువన బయటపడి, పెరోటిడ్ లాలాజల గ్రంథిలో ప్రవేశించి, ఐదు ప్రధాన శాఖలుగా విడిపోతుంది.

కారణాలు

శ్రవణ నాడిపై పెరిగే అకౌస్టిక్ న్యూరోమా అనే కణితిని తొలగించడం, పెరోటిడ్ గ్రంథి కణితుల శస్త్రచికిత్స, చెవి వెనుక మాస్టాయిడ్ ఎముకకు చేసే శస్త్రచికిత్స ముఖ్య కారణాలు. అకౌస్టిక్ న్యూరోమా క్యాన్సరు కాదు. అయితే అది పెరిగేకొద్దీ ముఖ నాడి దానిపై రిబ్బనువలె పలుచగా సాగి అతుక్కుపోతుంది. అందుచేత ప్రతి పక్షవాతాన్నీ శస్త్రవైద్యుని పొరపాటుగా భావించరాదు. నాడి ఎక్కడ ఉన్నదో విద్యుత్ సంకేతాల ద్వారా ఎప్పటికప్పుడు తెలుసుకునే పరికరాలను శస్త్రచికిత్స సమయంలో ఉపయోగిస్తారు.

శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజుల తరువాత మొదలయ్యే పక్షవాతం చాలావరకు నయమవుతుంది. మెలకువ రాగానే పూర్తిగా కనిపించే పక్షవాతం విషయంలో నాడి తెగిందా, నిలిచి ఉన్నదా అనేది శస్త్రవైద్యుని నుండి రోగి తప్పక తెలుసుకోవలసిన సంగతి. తదుపరి చికిత్స అంతా దానిపైనే ఆధారపడుతుంది.

దైనందిన జీవితం

మొదట కాపాడవలసినది కన్ను. రెప్ప పూర్తిగా మూయబడక, కన్నీరు సరిగా పరచుకోక నల్లగుడ్డుపై పొర ఎండి పుండు పడుతుంది, చూపు పోవచ్చు. కణితి వలన ఐదవ కపాల నాడి కూడా దెబ్బతిని ఉంటే కంటికి స్పర్శ తగ్గి, పుండు పడినా నొప్పి తెలియదు. ఇది మరింత ప్రమాదకరం. పగటిపూట కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి కంటి లేపనం వాడి, రెప్పను టేపుతో మూసి ఉంచుతారు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా వెంటనే కంటి వైద్యునికి చూపాలి.

మజ్జిగ త్రాగితే పెదవి మూల నుండి కారిపోతుంది. అన్నం చెంపకు, పళ్ళకు మధ్య నిలిచిపోతుంది. పుక్కిలించడం కష్టమవుతుంది. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు స్పష్టంగా పలకవు. అన్నిటికంటె నవ్వు పోవడం చాలామందిని ఎక్కువగా బాధిస్తుంది. నవ్వినప్పుడు ముఖం మరింత వంకరగా కనిపించడం వలన కొందరు నవ్వడమే మానుకుంటారు. ఎదుటివారు దానిని కోపంగానో నిరాసక్తతగానో పొరబడతారు. ఫోటోలకు, పెళ్ళిళ్ళకు దూరంగా ఉండడం, కుంగుబాటు కూడా కనిపిస్తాయి.

కోలుకోవడం

1943లో బ్రిటిష్ వైద్యుడు హెర్బర్ట్ సెడన్ నాడి గాయాలను మూడు రకాలుగా విభజించాడు. సంకేతాలు మాత్రమే ఆగినప్పుడు వారాలలో నయమవుతుంది. లోపలి తంతువులు తెగినప్పుడు అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగాలి, కనుక నెలలు పడుతుంది. నాడి పూర్తిగా తెగితే అతకనిదే ఫలితం ఉండదు. కోలుకున్న స్థాయిని 1985లో ప్రచురితమైన హౌస్-బ్రాక్‌మన్ కొలమానంతో 1 (సాధారణం) నుండి 6 (పూర్తి పక్షవాతం) వరకు సూచిస్తారు.

తిరిగి పెరిగే తంతువులు దారి తప్పి వేరే కండరాలను చేరడం సాధారణం. అప్పుడు నవ్వితే కన్ను మూసుకుంటుంది, భోజనం చేస్తుంటే కన్నీరు కారుతుంది. ఈ దశలో బలంగా ముఖం బిగించే వ్యాయామాలు మేలు కంటె కీడే చేయవచ్చు. అద్దం ముందు చిన్న చిన్న కదలికలను నెమ్మదిగా అభ్యసించడం సరైన పద్ధతి. బిగుసుకున్న కండరాలకు బొటులినం ఇంజెక్షన్లు ఇస్తారు.

అమెరికా నటుడు మార్క్ రఫలో 2001లో ఇటువంటి కణితికి శస్త్రచికిత్స చేయించుకున్నాడు. నెలల తరబడి ముఖంలో ఒకవైపు కదలిక లేకపోయినా కోలుకుని తిరిగి సినిమాలలో నటించాడు. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

శస్త్రచికిత్సలు

నాడి సంకేతాలు అందని కండరాలు క్రమంగా క్షీణిస్తాయి. సుమారు ఏడాదిన్నర, రెండేళ్ళు దాటితే నాడిని అతికినా అవి స్పందించకపోవచ్చు. కనుక "అదే తగ్గుతుంది" అని నిరవధికంగా వేచి ఉండడం వలన మంచి అవకాశం చేజారుతుంది. తెగిన కొసలను నేరుగా కుట్టడం, మధ్యలో ఖాళీ ఉంటే కాలి నుండి లేదా మెడ నుండి తీసిన నాడి ముక్కను అతకడం ప్రథమ మార్గాలు. అది వీలుకానప్పుడు నాలుక నాడినో, నమిలే కండరపు నాడినో ముఖ నాడికి కలుపుతారు. రెండవ పద్ధతిలో రోగి మొదట్లో పళ్ళు బిగించి నవ్వడం నేర్చుకోవాలి. కండరాలు పూర్తిగా క్షీణించిన వారికి తొడ లోపలి గ్రాసిలిస్ కండరాన్ని చెంపలోకి మారుస్తారు. జపానుకు చెందిన హరీ బృందం దీనిని 1976లో ప్రచురించింది. కన్ను మూయడానికి పైరెప్పలో సుమారు 1 గ్రాము బంగారు లేదా ప్లాటినం బిళ్ళను అమర్చుతారు. కనురెప్పను ఎత్తే కండరానికి వేరే నాడి ఉన్నందున కన్ను తెరవడానికి అడ్డంకి ఉండదు, మూసేటప్పుడు బిళ్ళ బరువుకు రెప్ప దానంతటదే వాలుతుంది.