ఇంట్లో పాట రికార్డింగ్: ఏ డ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో ఏముంది?

మర్పల్లి లాంటి ఊళ్లలో మెహందీ రాత్రి ఢోలక్ పాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకోవడం మామూలే. ల్యాప్‌టాప్‌లో వాటికి తాళం కూడా కలపాలనుకునే పిల్లలకు వర్చువల్ డ్రమ్స్ పనికొస్తాయి. అయితే డబ్బు కట్టే ముందు ఒకటి తెలియాలి. వీటిలో ఎక్కువ భాగం పాశ్చాత్య డ్రమ్ సెట్లే. ఢోలక్, దఫ్, హైదరాబాద్ బరాత్‌లలో మోగే మర్ఫా వాటిలో దొరకడం అరుదు.

ఈ సాఫ్ట్‌వేర్ లోపల ఉండేది అసలు వాద్యం రికార్డింగులే. మీట ఎంత గట్టిగా నొక్కారో మిడి 1 నుంచి 127 వరకు అంకెగా చెబుతుంది, దానికి సరిపడే దెబ్బ మోగుతుంది. ఒకే దెబ్బకు నాలుగైదు రికార్డింగులుంటే మనిషి వాయించినట్టుంటుంది. ఒక్కటే ఉంటే మిషన్ కొట్టినట్టే.

ఉచితంగా దొరికే ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2లో ఉన్నది ఒక్క కిట్టే, కానీ సిద్ధంగా ఉన్న తాళాలు చాలా వస్తాయి, పాత కంప్యూటర్‌కూ భారం కాదు. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపలే నడుస్తుంది. డబ్బు పెట్టి కొనే ఈజీడ్రమ్మర్ 3కి మీ పాట వినిపిస్తే సరిపోయే తాళాలు అదే చూపిస్తుంది. అడిక్టివ్ డ్రమ్స్ 2లో కావలసిన కిట్లే విడిగా కొనుక్కోవచ్చు. సుపీరియర్ డ్రమ్మర్ 3 పూర్తి లైబ్రరీ 230 జీబీ దాటుతుంది, ఇంటి ల్యాప్‌టాప్‌కు అంత అవసరమే లేదు.

ఢోలక్ కావాలంటే భారతీయ వాద్యాలతో వచ్చే స్వర్‌ప్లగ్ ఉంది, అది కొనాలి. అంతకంటే మంచి దారి హైడ్రోజన్. పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ విడిగానే నడుస్తుంది, సొంత శబ్దాలు ఎక్కించుకోవచ్చు. ఫ్యాన్ ఆపి, గదిలో ఢోలక్ ఒక్కో దెబ్బను మెల్లగా, గట్టిగా రికార్డు చేసి, ముక్కలుగా కోసి పెట్టుకోవాలి. కహర్వా అయితే 8 మాత్రలు, దాద్రా అయితే 6. దఫ్ తప్ప వేరే వాద్యం వద్దనుకునే ఇళ్లకూ ఇదే పద్ధతి. నానమ్మ చేతి ఢోలక్ ఏ కంపెనీ లైబ్రరీలోనూ ఉండదు మరి!

మీట నొక్కాక దెబ్బ ఆలస్యంగా వినిపిస్తే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు. 44,100 రేటు దగ్గర బఫర్ 512 ఉంటే ఒక్క దానివల్లే దాదాపు 12 మిల్లీసెకన్ల ఆలస్యం, 128కి తగ్గిస్తే 3. విండోస్‌లో ఏసియో డ్రైవర్ వేసుకోవాలి. చిటపట శబ్దం వస్తే 256కి పెంచండి.