ఓమెరాక్ట్

ఓమెరాక్ట్ అనునది కీళ్లవ్యాధుల చికిత్సా పరీక్షలలో ఔషధఫలితమును ఏయే కొలమానములతో నిర్ణయింపవలెనో వైద్యులు, పరిశోధకులు, రోగులు, ఔషధసంస్థలవారు, నియంత్రణాధికారులు కూడి నిశ్చయించు అంతర్జాతీయ పరిషత్తు. దీని ప్రథమ సమావేశము 1992లో నెదర్లాండ్స్ దేశమందలి మాస్ట్రిక్ట్ నగరమున జరిగెను. అంతకుపూర్వము ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్క కొలమానమును గ్రహించుచుండుటచే, ఒకే మందుపై జరిగిన రెండు పరీక్షల ఫలితములనైనను సరిపోల్చుట దుర్ఘటముగా నుండెను.

రుమటాయిడ్ కీళ్లవాతపు పరీక్షలన్నింట నొప్పి, తాకిన నొచ్చు కీళ్ల సంఖ్య, వాచిన కీళ్ల సంఖ్య, శారీరక సామర్థ్యము, వ్యాధితీవ్రతపై రోగి అంచనా, వైద్యుని అంచనా, రక్తమందలి శోథసూచకములు అను 7 అంశములును, ఏడాదియో అంతకు మించియో సాగు పరీక్షలలో వీనితోపాటు ఎక్స్‌రే చిత్రములును తప్పక నమోదు కావలెనని అచట అంగీకారము కుదిరెను. ఒక కొలమానము అంగీకృతము కావలెనన్నచో, ఉద్దేశించిన విషయమునే కొలుచు సత్యము, రోగస్థితిలోని మార్పును గుర్తింపగల వివేచనము, కాలవ్యయములకు లోబడిన సాధ్యత అను మూడు పరీక్షలకు నిలువవలెను.

రోగులు సభ్యులుగా పాల్గొనుట 2002లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ సమావేశముతో ఆరంభమయ్యెను. పరిషచ్చరిత్రలో ఇంతకు మిక్కిలి ఫలవంతమైన మార్పు లేదు. ఏలయన, వైద్యుల పట్టికలో చోటు లేని అలసట తమను నొప్పితో సమానముగా బాధించుచున్నదని వారు తెలుపగా, 2006 నాటి మాల్టా సమావేశమున దానిని సైతము సాధ్యమైనంతవరకు కొలువవలెనని నిర్ణయింపబడెను. ఇట్టి కృషిని సమస్త వ్యాధులకును విస్తరింపజేయుటకై 2010లో ఇంగ్లండునందలి లివర్‌పూల్‌లో కామెట్ అను ఉద్యమము ప్రారంభమయ్యెను.