మన్యం అంచున వార్త నడిచిన దారి

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు, రాజుల గురించీ కోటల గురించీ రాయగల గురువులు మనకున్నారు కదా అనిపించింది. నేను ఇంజనీరుని. అందుకే మన ప్రాంతంలో వార్త ఏ దారిన వచ్చిందో, ఆ దారి ఎక్కడ సన్నబడిందో రాస్తున్నాను.

మన ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, 1922లో, అదే జిల్లాలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' వారపత్రిక తెచ్చారు. ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకుని నడిపారు. చిన్న ఊరు తన పత్రికను తానే అచ్చు వేసుకోగలదని వందేళ్ల కిందటే రుజువు చేశారు. అది కొన్నేళ్లే నడిచింది.

1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం 1959లో మనతో కలిసింది. పత్రికలు మాత్రం చాలాకాలం బయటి పట్టణాల నుంచే వచ్చేవి. 1970ల చివర సారపాకలో కాగితం మిల్లు వచ్చింది గానీ, మన్యం తనకంటూ ఒక పత్రికను చూసుకోలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు, ఏ గూడెం ఏమైందో ఊరి పేరుతో సహా చెప్పే జిల్లా పేజీ ఇంకా పుట్టలేదు.

1989 ఆ లోటు తీర్చింది. ఆ ఏడాది 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. మనం 'మినీ' అని పిలుచుకున్నది దాన్నే. తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం కూడా ఆ ఏడాదే వచ్చింది. ప్రతి మండలానికీ ఒక విలేకరి తయారయ్యాడు. ఎక్కువమంది స్థానిక కుర్రాళ్లే. అచ్చయిన వార్త పొడవును బట్టి వాళ్లకు డబ్బు ముట్టేది. హాస్టల్లో పురుగుల అన్నం, వానాకాలపు జ్వరాలు, తెగిపోయిన కల్వర్టు, పదో తరగతి ఫలితాలు అన్నీ అచ్చుకెక్కాయి. మండలాఫీసులో ఆ పేజీని చదివేవారు, జవాబు చెప్పుకునేవారు.

అయితే ఆ పేజీలో కోయవారి గురించి వార్త ఉండేది, కోయ భాష ఉండేది కాదు. మన దేశంలో కమ్యూనిటీ రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. ఆ అడ్డంకికి మన సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో 2010లో ఒక ఉపాయం దొరికింది. శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన 'సీజీనెట్ స్వర'కు మామూలు ఫోన్ చాలు. గోండిలో మాట్లాడి రికార్డు చేస్తే, సరిచూసిన తర్వాత ఆ మాటను అందరూ ఫోన్లోనే వినవచ్చు. చదువు రానివాడు కూడా విలేకరి కావచ్చన్నమాట. కోయ గోండికి దగ్గరి చుట్టమే అయినా, ఇవతలి గూడేలకు అలాంటిది పాదుకోలేదు.

ఈలోగా మినీకి రెండు దెబ్బలు తగిలాయి. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చుట్టాలు, సంతలు భద్రాచలంలోనే ఉన్నా, వాళ్ల వార్తలు వేరే జిల్లా పేజీకి వెళ్లిపోయాయి. 2020లో కోవిడ్ రాగానే ప్రకటనలు పడిపోయి, పలు పత్రికలు జిల్లా అనుబంధాలను ప్రధాన పత్రికలో కలిపేశాయి. పేజీలు తగ్గితే ముందుగా రాలిపోయేది మారుమూల గూడెం వార్తే.

2022 జూలైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులకు వచ్చింది. వార్త వాట్సాప్‌లో నిమిషాల్లో తిరిగింది. ఏది నిజం, ఏది పాత వీడియో అని తేల్చే మనిషి ప్రతి గ్రూపులోనూ ఉండడు. ఫోన్ మారితే ఆ వార్త కూడా పోతుంది. నది మట్టానికి లెక్క ఉంది. 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ఆ లెక్కల మీదే నిలబడ్డాయి. ఊరి కష్టానికి మాత్రం అలాంటి రికార్డు మిగలడం లేదు. రేపు పునరావాసమో పట్టానో అడగాల్సి వస్తే, ఫలానా ఏడు మా ఊళ్లో ఇది జరిగిందని చూపడానికి పాత మినీ కటింగే ఆధారం కావచ్చు.

మన పూర్వ విద్యార్థుల్లో విలేకరులుగా పనిచేసినవారు ఉన్నారు. వారి ఇళ్లలోని కటింగులు, మన బడి లిఖిత పత్రికలు చెదలు పట్టకముందే స్కాన్ చేసి బడి గ్రంథాలయంలో ఉంచుదాం. కోయ మాట్లాడే పిల్లలు తమ పెద్దల చేత వరదల జ్ఞాపకాలు చెప్పించి, ఊరు, తేదీ రాసి, ఫోన్లో రికార్డు చేసి తెస్తే వాటినీ అక్కడే దాచుదాం. ఇందుకు ప్రెస్సు అక్కర్లేదు. ఒక బీరువా, ఒక కంప్యూటరు, బాధ్యత తీసుకునే ఇద్దరు మనుషులు చాలు.