హోమీ భాభా మరణము: వదంతి, సాక్ష్యము

నల్లమల కొండలకు తూర్పుప్రక్కనున్న మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970వ సంవత్సరమున ఒంగోలు జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ ఒంగోలు జిల్లాయే 1972లో ప్రకాశము జిల్లా అయ్యెను. జిల్లాల పేర్లు మారినను, ఆ ప్రాంతమువారికి పడమటి దిక్కున కనబడు కొండల వరుస మారలేదు. ఆ కొండలతో ముడివడిన మరణములను గూర్చి జనులు చెప్పుకొను కథలను సేకరింపదలచిన పరిశోధక విద్యార్థి యొకడు నన్ను ఊహింపని ప్రశ్న యడిగెను: “అణుశాస్త్రజ్ఞుడు భాభాగారిని నిజముగా చంపించిరా?” నల్లమలకును ఆల్ప్స్ పర్వతములకును సంబంధమేమని నేను మొదట నవ్వితిని. తరువాత ఆలోచింపగా ఆ ప్రశ్న నవ్వదగినది కాదని తోచినది. ఒక మరణమును గూర్చి లోకము చెప్పుకొను మాటలలో ఏది సాక్ష్యము, ఏది కాదు అను విచారమునకు భాభా ఉదంతమంత తగిన ఉదాహరణము మరియొకటి దొరకుట కష్టము.

ముందుగా నిస్సందేహమైన విషయములు చెప్పవలెను. హోమీ జహంగీర్ భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, విశ్వకిరణములను గూర్చిన పరిశోధనలచే పేరొందెను. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించి, 1948లో ఏర్పడిన అణుశక్తి సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను. ఆయన నాయకత్వమున ట్రాంబేలో 1956 ఆగస్టు 4న ‘అప్సర’ అను అణురియాక్టరు పనిచేయ నారంభించెను. 1955లో అణుశక్తిని శాంతికై వినియోగించుటను గూర్చి జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభకు అధ్యక్షుడు కూడ ఆయనయే. పదకొండేండ్ల పిమ్మట ఆ జెనీవాలో దిగవలసిన విమానములోనే ఆయన మరణించెను.

ఆ విమానము ఎయిర్ ఇండియా సంస్థకు చెందిన బోయింగు 707, పేరు ‘కాంచన్‌జంగ’. బొంబాయినుండి ఢిల్లీ, బీరూట్, జెనీవాల మీదుగా లండనునకు పోవలసినది. భాభా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ శాస్త్ర సలహాసంఘ సమావేశమునకై వియన్నాకు పోవుచుండెను. 1966 జనవరి 24వ తేదీ ఉదయము 8 గంటలు దాటిన కొద్ది నిమిషములకు ఆ విమానము మౌంట్ బ్లాంక్ శిఖరమునకు సమీపమున, సుమారు 4,750 మీటర్ల ఎత్తున, కొండను ఢీకొనెను. శిఖరపు ఎత్తు 4,807 మీటర్లు. విమానములోనున్న 117 మందిలో ఒక్కరును మిగులలేదు. భాభా భౌతికకాయము లభింపలేదు. వదంతికి తొలి విత్తనము పడినది ఇచ్చటనే యని నా అభిప్రాయము.

ఫ్రెంచి ప్రభుత్వము జరిపిన విచారణ మొదట 1966లో ముగిసి, మరల తెరవబడి, 1967 మార్చిలో తుదిరూపము పొందెను. దానిలోని సారమిది. బీరూట్ విడుచునాటికే విమానములోని రెండు దిశాసూచక యంత్రములలో ఒకటి పనిచేయుట లేదు. ఆ సంగతి విమాన నాయకునికి తెలియును. ఆయన తాము మౌంట్ బ్లాంక్‌ను దాటితిమని లెక్కవేసి, ఆ మాట జెనీవా నియంత్రణ కేంద్రమునకు చెప్పెను. రాడారు ముందు కూర్చున్న అధికారి ఆ పొరపాటును గుర్తించి, పర్వతము ఇంకను ఐదు మైళ్ల దూరమున నున్నదను అర్థముతో బదులిచ్చెను. ఆ వాక్యమున ఉండవలసినంత నిర్దిష్టత లేకపోవుటచే నాయకుడు దానిని సవరణగా గ్రహింపక, కొండను దాటితిమను భ్రమతోనే క్రిందికి దిగెను. వాక్యనిర్మాణమును బోధించి జీవించు మనవంటివారు ఈ నివేదికను చదివి ఒక్క క్షణము ఆగక తప్పదు. పలికినవాడు హెచ్చరికగా పలికెను. విన్నవాడు అంగీకారముగా వినెను. 117 ప్రాణములు పోయినవి.

ఇంత స్పష్టమైన కారణముండగా జనులు మరియొక కారణము నేల వెదకిరి? కాలము వారినట్లు ప్రేరేపించెను. తాష్కెంటు ఒప్పందముపై 1966 జనవరి 10న సంతకము చేసిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆ రాత్రి తెల్లవారకముందే, అనగా 11వ తేదీన, ఆ నగరముననే మరణించెను. శవపరీక్ష జరుగలేదు. ఆ లోపము దేశమున నేటికిని మాసిపోని అనుమానమును నిలిపినది. పదుమూడు దినముల పిదప, ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణము చేసిన దినముననే, భాభా మరణవార్త వచ్చెను. అంతకు ముందు 1964 అక్టోబరు 16న చీనా తన తొలి అణుబాంబును ప్రేల్చియుండెను. 1965లో పాకిస్తానుతో యుద్ధము జరిగియుండెను. ఇట్టి తరుణమున రెండు మరణములు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు వాని నడుమ గీత గీయకుండుట మానవ స్వభావమునకు కష్టము.

ఆ గీతకు బలము చేకూర్చినది భాభా మాటయే. అనుమతి లభించినచో పదునెనిమిది మాసములలో భారతదేశము అణుబాంబును చేయగలదని ఆయన ప్రకటించెననియు, అందుచే ఒక అగ్రరాజ్యము భయపడెననియు వదంతి. ఆ మాట నిజముగా 1964 అక్టోబరు మొదట లండనులో అన్నది. కాని అట్టి నిర్ణయము జరుగునని తాను తలంపనని ఆయన అప్పుడే చెప్పెను. వదంతి మొదటి సగమును నిలుపుకొని రెండవ సగమును విడిచిపెట్టినది. అదే అక్టోబరు 24న ఆకాశవాణిలో చేసిన ప్రసంగమున ఆయన, పది కిలోటన్నుల ప్రేలుడునకు పదునేడున్నర లక్షల రూపాయలు మాత్రమే పట్టునని లెక్క చెప్పెను. ఆ ప్రసంగము నిరస్త్రీకరణమును కోరుచు ముగిసినదే యైనను, జనుల చెవిలో నిలిచినది ఆ లెక్కయే. ఆ లెక్క అమెరికావారి ప్రకటనలపై ఆధారపడినది. దేశము చేయవలసిన అసలు వ్యయమును అది చెప్పదని అప్పుడే విమర్శించినవారు గలరు.

కుట్ర జరిగెనని చెప్పువారు చూపు ముఖ్యమైన ఆధారము చాల ఆలస్యముగా వెలువడినది. గ్రెగరీ డగ్లస్ అను రచయిత, అమెరికా కేంద్ర గూఢచార సంస్థలో ఉన్నత పదవి నిర్వహించిన రాబర్ట్ క్రౌలీతో తాను జరిపిన దూరవాణీ సంభాషణములని ఒక గ్రంథమును ప్రకటించెను. సరకుల అరలో బాంబు నుంచి విమానమును కూల్చితిమని క్రౌలీ తనతో చెప్పెనని అందు వ్రాసెను. ఈ సాక్ష్యమును తూచి చూతము. చెప్పినవాడనబడు క్రౌలీ 2000లోనే మరణించెను. సంభాషణములను ధ్రువపరుప గలవారు లేరు. ప్రకటించిన రచయిత హిట్లరు రహస్యపోలీసు అధిపతి ముల్లరును గూర్చి వెలువరించిన ఇంటర్వ్యూలను చరిత్రకారులు కల్పితములని త్రోసిపుచ్చినారు. శాసన పరిష్కర్తకు ఒక తామ్రపత్రము దొరకినప్పుడు దాని లిపిని, దాతను, దొరకిన చోటును విచారింపక అంగీకరించునా? ఆ నియమము ఇచ్చట మాత్రమేల సడలవలెను?

వదంతిని నమ్మువారు సాధారణముగా విస్మరించు విషయమొకటి కలదు. 1950 నవంబరు 3న, ఎయిర్ ఇండియా సంస్థకే చెందిన ‘మలబార్ ప్రిన్సెస్’ అను విమానము, బొంబాయినుండి లండనునకు పోవుచు, జెనీవాకు దిగు సమయమున, ఇంచుమించు ఆ చోటనే కొండను ఢీకొనెను. 48 మంది మరణించిరి. దానిలో అణుశాస్త్రజ్ఞుడెవడును లేడు. మేఘములు క్రమ్మిన శీతకాలమున ఆ శిఖరము జెనీవా మార్గమున ఎంత ప్రమాదకరమో తెలిసికొనుటకు ఇంతకన్న ఏమి కావలెను?

అయినను పర్వతము వదంతికి ఆహారమిచ్చుచునే యున్నది. బోసాన్ హిమానీనదము మెల్లమెల్లగా క్రిందికి జారుచు, తాను మ్రింగిన వస్తువులను దశాబ్దముల పిదప బయటపెట్టుచున్నది. 2012లో భారత విదేశాంగ శాఖ దౌత్యసంచి దొరకెను. దానిలో రహస్యములు లేవు. 1966 జనవరి నాటి వార్తాపత్రికలు, క్యాలెండర్లు మాత్రముండెను. 2013లో ఒక పర్వతారోహకునికి మరకతములు, నీలములు, కెంపులు గల పెట్టె దొరకగా, నిజాయితీతో ఠాణాలో అప్పగించెను. 2020లో ఇందిరాగాంధీ ఎన్నికైన వార్త గల పత్రికలు చెక్కుచెదరక లభించినవి. ఈ శిథిలములను ఏండ్లకొలది వెదకిన డేనియల్ రోష్ అను ఔత్సాహికుడు విమానమును మరియొక విమానము ఢీకొనియుండవచ్చునని భావించెను. అనగా బాంబు వాదమును, ఢీకొనిన వాదమును ఒకదానినొకటి ఖండించుకొనుచున్నవి. రెండును ఒకేసారి నిజము కాజాలవు. అయినను జనులు రెంటిని ఒకే మూటలో కట్టుదురు.

ప్రయోజనమును బట్టి చూచినను వాదము నిలువదు. భూగర్భ ప్రేలుడును గూర్చిన అధ్యయనమునకు శాస్త్రి 1964 చివరనే అనుమతించియుండెను. భాభా తరువాత సంఘాధ్యక్షుడైన విక్రమ్ సారాభాయి బాంబుపట్ల విముఖుడు. ఆయన 1971 డిసెంబరు 30న కోవళములో నిద్రలోనే మరణించెను. ఆ మరణమునకును కుట్ర అంటగట్టిరి! బాంబును కోరినవానిని, కోరనివానిని ఒకే శత్రువు చంపెనని చెప్పుట ఎట్టి తర్కమో వివరింపవలసిన పనిలేదు. 1974 మే 18న పోఖ్రానులో ప్రేలుడు జరుగనే జరిగెను.

ఇక నల్లమల సంగతి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు పోవుచున్న హెలికాప్టరు ఉదయము 9 గంటల 27 నిమిషములకు సంబంధము తెగిపోయి, మరునాడు నల్లమలలో పావురాలగుట్ట యొద్ద శిథిలమై కనబడెను. ఐదుగురు మరణించిరి. ఆ ఒక్క పగలు, ఒక్క రాత్రి, కొండకు రెండు ప్రక్కల గ్రామములలో మాటలకు అంతులేదు. విచారణ సంఘము గేరుపెట్టె చమురు ఒత్తిడిని గూర్చిన హెచ్చరికపై చోదకుల దృష్టి మరలుటను, తీవ్రమైన వాతావరణమును కారణములుగా తేల్చెను. అయినను 2010 జనవరిలో ఒక విదేశీ ప్రచురణయందలి నిరాధారమైన వ్రాతను దూరదర్శన వాహిని ప్రసారము చేయగా, ఒక వాణిజ్య సంస్థ దుకాణములపై రాష్ట్రమంతట దాడులు జరిగెను. వదంతిని వినోదముగా చూచువారు ఆ దినములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

దీనితో పోల్చదగినది అదే కొండల పాత ఉదంతము. 1846 జూలైలో గిద్దలూరు సమీపమున కుంఫిణీ సేనతో పోరిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పట్టువడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడెను. ఆయన తలను 1877 వరకు కోటగోడపై వ్రేలాడదీసిరి. ఎంత క్రూరమైన చర్యయో చెప్పనలవి కాదు. కాని దాని ఫలితమును గమనింపుడు: ఆయన పట్టువడిన తీరును గూర్చి కథనములు భేదించునుగాని, మరణమును గూర్చి భేదింపవు. 1924 మే 7న కొయ్యూరు యొద్ద కాల్చబడిన అల్లూరి సీతారామరాజు విషయమున అట్లు గాదు. ఆయన బ్రదికి సన్న్యాసియై తిరిగెనని నమ్మినవారు కలరు. చూచిన కండ్లు తక్కువైనచోట చెప్పు నోళ్లు ఎక్కువగును.

కావున నా విద్యార్థికి చెప్పినది ఇది. గిద్దలూరులో వినిన మాటను విన్నట్లు వ్రాసికొనుము. చెప్పినవారి వయస్సు, వృత్తి, ఆ మాట వారికెట్లు అందినదియు వ్రాయుము. అది జనుల మనస్సునకు ప్రబలమైన సాక్ష్యము. మౌంట్ బ్లాంక్‌పై జరిగినదానికి మాత్రము సాక్ష్యము కాదు. రెంటిని ఒకే పుటలో వ్రాయకుము. ప్రభుత్వములు శవపరీక్ష మానుట, కాగితములు దాచుట వదంతికి ఎంతవరకు తోడ్పడినవో విడిగా విచారింపుము, అది చరిత్రలోని అధ్యాయమే. అతడు విని, “అయితే భాభాగారి కథ చెప్పినవారి పేర్లు ఏ పుటలో వ్రాయవలె” నని యడిగెను. మొదటి పుటలోనే వ్రాయుమంటిని.