కాళ్ళకు దారి లేని వంతెన

రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన 1900లోనే వచ్చింది. అయినా 1974 దాకా, ఎదురుగా కనిపిస్తున్న కొవ్వూరికి ఈ ఊరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళినవాడు లేడు, ఎడ్లబండి తోలుకెళ్ళినవాడూ లేడు. ఆ వంతెన మీద రైలు పట్టాలు తప్ప మరో దారి లేదు. 74 ఏళ్ళపాటు రైలెక్కితే వంతెన, ఎక్కకపోతే పడవ. మా ఊరి చరిత్ర రాసేవాళ్ళు రాజరాజ నరేంద్రుడి దగ్గర మొదలుపెట్టి వీరేశలింగం పంతులుగారి దగ్గర ఆగుతారు. పొద్దున్నే పాలబిందె చంకనెత్తుకుని ఏరు దాటిన మనిషి ఎలా దాటిందో ఎవరూ రాయరు. నాకు మాత్రం ఆ సంగతే ముఖ్యం అనిపిస్తుంది. ఈ ఊరి అలవాట్లలో సగం ఆ దాటడం చుట్టూ ఏర్పడ్డవే.

ఇక్కడ గోదావరి అఖండ గోదావరి. పాయలుగా చీలేది ధవళేశ్వరం దగ్గర. మా ఊరు ఉన్నది నది ఇంకా చీలకుండా నిండు వెడల్పుతో పారే చోట. గట్టు నుంచి గట్టుకి మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట పొలాలకు నీళ్ళిచ్చిందని అందరికీ తెలుసు. అది ప్రయాణాలకు చేసిన మేలు మాత్రం ఎవరికీ అంతగా గుర్తుండదు. ఆనకట్ట వెనక నీళ్ళు నిలవడం వల్ల ఎండాకాలంలో కూడా మా రేవుల దగ్గర పడవ తేలేది. అంతకన్నా పెద్ద సంగతి, ఆ నిలిచిన నీళ్ళు నాలుగు దిక్కుల పడవలకూ కూడలి అయ్యాయి. ధవళేశ్వరం లాకుల్లో దిగి తూర్పు కాలువ పడితే కాకినాడ. నది అడ్డంగా దాటి విజ్జేశ్వరం లాకుల్లో దిగితే ఏలూరు, అక్కణ్ణుంచి బెజవాడ. ఇంకా ఓపికుంటే కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా చెన్నపట్నం దాకా. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజానేసుకుని లాగే మనుషులు. రాత్రి పడవెక్కి పడుకుని తెల్లారేసరికి ఊరు చేరడం ఆనాటి మర్యాదస్తుల ప్రయాణం.

రైలు 1893 ప్రాంతంలో వచ్చింది, కానీ రెండు ముక్కలుగా వచ్చింది. బెజవాడ వైపు బండి కొవ్వూరులో ఆగిపోయేది. వాల్తేరు వైపు బండి రాజమండ్రిలో మొదలయ్యేది. మధ్యలో గోదావరి. పెట్టె, బేడా, మరచెంబు, పిల్లల్ని దింపుకుని గట్టు దిగి, స్టీమరెక్కి ఏరు దాటి, అవతలి గట్టెక్కి మళ్ళీ ఇంకో బండి. ఇలా ఏడేళ్ళ పైచిలుకు. రాజమండ్రిలో అన్ని సత్రాలూ పూటకూళ్ళ ఇళ్ళూ ఎందుకున్నాయని అడిగితే పుష్కరాల పేరు చెబుతారు. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి. రేవు దగ్గర ఆగిపోయిన బాటసారి మాత్రం రోజూ ఉండేవాడు. నా లెక్కలో ఈ ఊరికి అన్నం పెట్టింది అతనే.

1897 నవంబరులో వంతెన పని మొదలైంది. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 గర్డర్లు. 1900 ఆగస్టు 30న బళ్ళు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. మద్రాసు నుంచి కలకత్తాకు బండి మారకుండా వెళ్ళే వీలు దొరికింది. అంటే వంతెన కట్టింది మద్రాసు, కలకత్తాల కోసం. మధ్యలో ఉన్న రాజమండ్రి, కొవ్వూరు దాన్ని తమ పనికి వాడుకున్నాయి.

ఎలా వాడుకున్నాయంటే, పాసింజరు బండి. వంతెన మొదట్లో గోదావరి స్టేషన్ ఉంది కదా, రాజమండ్రి పెద్ద స్టేషన్‌కు కూతవేటు దూరంలో మళ్ళీ ఇదెందుకని బయటివాళ్ళు అడుగుతుంటారు. కొవ్వూరు, చాగల్లు, నిడదవోలు నుంచి రోజూ వచ్చేవాళ్ళు దిగేది ఇక్కడే. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, కూరల బజారు ఇక్కణ్ణుంచి నడిచిపోయేంత దూరం. పొద్దుటి బండి ఆగేసరికి ముందు దిగేవి మనుషులు కాదు, పాల క్యాన్లు. తలుపు కమ్మీకి తాడుతో కట్టి, బయటికి వేలాడదీసి తెచ్చేవాళ్ళు. తరవాత అరటి గెలలు, తమలపాకు మోదుల బుట్టలు, పెరుగు కుండలు. వాటి వెనక ఆర్ట్స్ కాలేజీ కుర్రాళ్ళు, ట్రైనింగ్ కాలేజీ మాస్టర్లు, కోర్టు పక్షులు. తూర్పు గోదావరికి కలెక్టరు కాకినాడలో ఉన్నా జిల్లా కోర్టు మాత్రం రాజమండ్రిలోనే ఉండేది కాబట్టి నల్లకోట్లకు ఇక్కడ ఎప్పుడూ కొదవ లేదు. నరసాపురం, భీమవరం వైపు పిల్లలు నిడదవోలులో బండి మారి వచ్చేవాళ్ళు. సీజన్ టికెట్టువాళ్ళకి పెట్టెలో ఎవరి చోటు వాళ్ళకుండేది. వంతెన మీదకి బండి రాగానే దూరప్రయాణీకులు కిటికీ దగ్గరికి జరిగి గోదావరిలో డబ్బులు వేసి దణ్ణం పెట్టుకునేవారు. సీజన్ టికెట్టువాళ్ళు పేకముక్కల మీంచి తలెత్తేవాళ్ళు కాదు. రోజూ రెండుసార్లు వేస్తే గోదారమ్మకేమో గానీ ఇంటికి గండి పడుతుంది కదా!

మా ఇంటికి పాలు పోసే ఆవిడ కొవ్వూరు పక్క పల్లె నుంచి వచ్చేది. బండి ఆలస్యమైతే మా వీధి వీధంతా కాఫీ ఆలస్యం. "ఏం చేయమంటారమ్మా, మెయిలుకి దారిచ్చాడు" అనేది. ఆ ఒక్క ముక్కలో ఈ వంతెన కష్టమంతా ఉంది. హేవలాక్ వంతెన మీద ఒకటే లైను. అటు నుంచి బండి వస్తుంటే ఇటు బండి ఆగాలి. ఎక్స్‌ప్రెస్సు వస్తుంటే పాసింజరు ఆగాలి, గూడ్సు ముందుగా ఎక్కేస్తే అందరూ ఆగాలి. పాలు విరిగితే ఎవడిస్తాడు?

బండి వేళ కుదరనివాళ్ళకి లాంచీ. కొవ్వూరు గోష్పాద రేవు నుంచి ఇటు మా రేవులకి. అంతకుముందు తెడ్డు, గెడ, తెరచాపలతో నడిచే నావలు. తరవాత్తరవాత ఇంజను లాంచీలు. సరంగు, కళాసీ, టికెట్టు చింపే కుర్రాడు. వర్తకులకి లాంచీ అంటేనే ఇష్టం, ఎందుకంటే రైల్లో బుట్టకి బుట్టా లెక్కే, లాంచీలో మాట్లాడుకోవచ్చు. రేవు హక్కుకి ఏటా వేలంపాట జరిగేది. పాట పాడుకున్నవాడిదే ఆ ఏడాది రేవు. లంక ఊళ్ళలోనైతే రైతులు పడవవాడికి దాటినప్పుడల్లా కేవు ఇచ్చేవాళ్ళు కాదు, పంట రాగానే ఏడాదికి ఇంతని ధాన్యం కొలిచేవాళ్ళు. నది నడుమ లంకల్లో మిరప, పొగాకు, కూరగాయలు పండించేవాళ్ళకి అటు కొవ్వూరూ ఇటు రాజమండ్రీ రెండూ పొరుగూళ్ళే. వాళ్ళకి మాత్రం ఏ వంతెనా పనికిరాలేదు. బ్రిడ్జి లంక పేరులోనే బ్రిడ్జి ఉంది, రాకపోకలు పడవ మీదే.

కార్లు దాటించడం చూడాల్సిన తమాషా. రెండు పెద్ద నావల్ని పక్కపక్కన బిగించి పైన దూలాలు, చెక్కలు పరిస్తే పంటు. గట్టు నుంచి పంటు మీదకి రెండు మందపాటి పలకలు వేసేవాళ్ళు, సరిగ్గా చక్రాల ఎడం చూసుకుని. డ్రైవరొక్కడూ లోపల ఉండేవాడు. యజమాని, ఆడవాళ్ళు దిగి గట్టు మీద నిలబడేవాళ్ళు. ముందు ఒక కళాసీ వెనక్కి నడుస్తూ రెండు చేతులూ ఊపుతూ "రానీ రానీ, ఎడం చెయ్యి, ఎడం చెయ్యి, ఆపూ!" అని అరిచేవాడు. ముందు చక్రాలు ఎక్కగానే పంటు ఆ కొసన కిందికి దిగేది, అవతలి కొస లేచేది. ఆ క్షణంలో బ్రేకు వేసినవాడు చెడ్డాడు. ఆగకుండా నెమ్మదిగా ఎక్కించెయ్యాలి. ఎక్కాక చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి మోకులతో కట్టేవాళ్ళు. అవతల దిగేటప్పుడు ఇసకలో చక్రం కూరుకుపోతే తాటాకులు పరిచి రేవులో ఉన్నవాళ్ళంతా ఓ చెయ్యేసేవాళ్ళు. మద్రాసు, కలకత్తా ట్రంకు రోడ్డు అని మ్యాపులో గీతంత దర్జాగా ఉన్నది ఇక్కడికొచ్చేసరికి తాటాకుల మీద నడిచేది.

ఆషాఢంలో ఎర్రనీరు దిగగానే ఈ ఏర్పాట్లన్నీ సందేహంలో పడేవి. భద్రాచలంలో నీళ్ళు పెరిగాయని తంతి వస్తే మర్నాటికి ఇక్కడ రేవు మెట్లు ఒక్కొక్కటే మునిగేవి. చెట్లు, కొట్టాలు, ఒక్కోసారి గడ్డివాములు కొట్టుకొచ్చేవి. పంటు ముందు ఆగేది, తరవాత నావలు, ఆఖరున లాంచీలు. 1953 ఆగస్టు వరద గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు: గట్టెక్కి చూస్తే అవతలి ఒడ్డు లేదట, వంతెన మాత్రం నీళ్ళల్లోకి వెళ్ళిపోతున్నట్టు కనిపించిందట. అలాంటప్పుడు రైలొక్కటే ఆధారం.

వరద లేని రోజుల్లో కూడా మనిషిని కట్టిపడేసింది ఆఖరి బండి, ఆఖరి లాంచీ. కొవ్వూరు వైపు చుట్టాలు పెళ్ళికొస్తే ముహూర్తం కన్నా ముందు అడిగేది తిరుగు బండి వేళ. సినిమాకొచ్చినవాళ్ళు మొదటాట చివరి రీలు చూడకుండా లేచి పరిగెత్తేవాళ్ళు. రెండో ఆట అవతలి గట్టువాళ్ళది కాదు. బట్టల కొట్లలో సాయంత్రం బేరం ఒక వేళ దాటాక కొనేవాడి వైపు మొగ్గేది కాదు, కొట్టువాడి వైపు మొగ్గేది, బండి వేళవుతోందని వాడికీ తెలుసు కాబట్టి. నొప్పులొచ్చిన ఆడమనిషిని రాత్రివేళ దాటించాల్సి వస్తే పడవవాణ్ణి నిద్రలేపాలి. అతను రానని ఎప్పుడూ అనేవాడు కాదంటారు. కానీ గాలి ఒప్పుకోవాలి కదా. పాత రోజులు ఎంత బావుండేవో అని నిట్టూర్చేవాళ్ళతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. పడవ ప్రయాణం బావుండేది, నిజమే. అవసరం లేనప్పుడు.

ఆ బావుండడాన్ని సినిమావాళ్ళు కనిపెట్టేశారు. 1964లో వచ్చిన మూగ మనసులులో పడవవాడు గోపి జమీందారు గారమ్మాయిని ఏరు దాటించి కాలేజీకి పంపుతాడు. కథ ముళ్ళపూడి వెంకట రమణది. రోజూ పడవెక్కి చదువుకోవడానికెళ్ళడం ఇక్కడివాళ్ళకి ఊహ కాదు, టైంటేబులు. బాపు 1973లో అందాల రాముడు తీసేటప్పటికి లాంచీ భద్రాచలం యాత్రకు బయల్దేరింది. ఆ సరికే కొత్త వంతెన స్తంభాలు ఏట్లోంచి పైకి లేచి ఉన్నాయి.

1974 నవంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రోడ్డు కం రైలు వంతెనను జాతికి అంకితం చేశారు. కింద రైలు, పైన రోడ్డు. రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. రైలువాళ్ళకి కావలసింది రెండో లైను. అది దొరికింది. ఊరికి దక్కింది అంతకన్నా పెద్దది: వేళ చూసుకోనక్కరలేదు. తోచినప్పుడు వెళ్ళొచ్చు, తోచినప్పుడు రావచ్చు. పాలవాళ్ళు సైకిళ్ళు కొన్నారు, తరవాత మోపెడ్లు. క్యాన్లు రైలు కమ్మీ వదిలి సైకిలు క్యారేజీకి చేరాయి. ఆర్టీసీ బస్సులొచ్చాయి. కొవ్వూరులో ఇల్లు కట్టుకుని రాజమండ్రిలో ఉద్యోగం చేయడం, రాజమండ్రిలో కాపురం ఉండి అవతల బళ్ళో పాఠాలు చెప్పడం మామూలైపోయాయి. 1979 పుష్కరాలకి జనం మొదటిసారి రోడ్డు మీద ఏరు దాటి వచ్చారు. రేవుల దగ్గర పూటకూళ్ళ ఇళ్ళు ఒకటొకటే మూతపడ్డాయి. బాటసారి ఆగడం మానేశాడు మరి. ఊరు కూడా గోదావరి గట్టుకి వీపు తిప్పి లోపలికి, కంబాలచెరువు, దేవీచౌక్ దాటి పెరిగిపోయింది.

హేవలాక్ వంతెన 1997 దాకా మోసి విశ్రాంతి తీసుకుంది. దాని పనిని పక్కనే కట్టిన కమాను వంతెన అందుకుంది. నాలుగోది 2015లో, పుష్కరాల ఏడాది, కాతేరు వైపు నుంచి వచ్చింది. ఇన్ని వంతెనలున్నా ఏరే జిల్లాలకు హద్దుగా ఉండిపోయింది. కొవ్వూరివాడు ఎదురుగా కనిపిస్తున్న రాజమండ్రిని వదిలి కలెక్టరాఫీసు పనికి ఏలూరు పోవాల్సి వచ్చేది. 2022 ఏప్రిల్లో రాజమండ్రి కేంద్రంగా తూర్పు గోదావరి జిల్లాను మళ్ళీ గీసినప్పుడు కొవ్వూరు, నిడదవోలు ఇటు కలిశాయి. మరుసటి ఏడాదే, 2023లో, మరమ్మతులకని రోడ్డు వంతెన కొన్నాళ్ళు మూసేస్తే నాలుగో వంతెన చుట్టూ తిరిగి రావాల్సొచ్చిందని అందరూ విసుక్కున్నారు. పెట్రోలు ఖర్చు, అరగంట ఆలస్యం, ఆఫీసులో మాట. ఆ విసుగు విన్న మా వీధి పెద్దాయనొకాయన, చిన్నప్పుడు సీజన్ టికెట్టు మీద చదువుకున్నవాడు, "గోదావరి స్టేషన్ ఇంకా ఉందండోయ్, పాసింజరు ఆగుతుంది, కనుక్కోండి" అన్నాడు. ఒకళ్ళిద్దరు కనుక్కున్నారు కూడా.